విద్యుత్తును మోసే జిగురు

2022 డిసెంబరులో ఒకనాటి మధ్యాహ్నం ద్వితీయ సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకడు సెలవు చీటీ పట్టుకొని నా గదికి వచ్చాడు. కారణం రాయవలసిన చోట 'సొంత పని' అని మాత్రమే ఉంది. ఏమిటా పని అని అడిగితే, జేబులోనుంచి రూపాయి నాణెంకంటే కొంచెం పెద్దదైన ఇత్తడి బిళ్ళ ఒకటి తీసి నా బల్లమీద పెట్టాడు.

"అమ్మమ్మ వీణకు మైకు కడుతున్నాను సార్. ఇలాంటివి రెండు ఇప్పటికే పాడయ్యాయి. ఇది మూడోది. దీనికి టంకం వద్దు, కరెంటు పారే జిగురు పెట్టమన్నారు. దుకాణంలో అడిగితే మూడు రకాలు చూపించారు. ఒకదాని ధరకు మరొకదానికి పొంతన లేదు."

డెబ్బై దాటిన ఆ అమ్మమ్మగారి వీణ బొబ్బిలి వీణ. ఒకే పనస మొద్దును తొలిచి చేసినది. ఆమె మీటు మునుపటంత బలంగా లేదు. ఊరిలో సంక్రాంతికి జరిగే కచేరీలో చివరి వరుసవారికి కూడా ఆ నాదం వినిపించాలని మనవడి కోరిక. తెలుగు అధ్యాపకుడికి ఈ వ్యవహారంలో పనేమిటని మీరు అనుకోవచ్చు. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి ఆపై సాహిత్యంలోకి వచ్చినవాణ్ణి నేను. పాత రేడియోలు విప్పి బిగించే అలవాటు నేటికీ పోలేదు. ఆ సంగతి పిల్లలకు ఎలాగో తెలిసింది.

మొదట ఆ రెండు బిళ్ళలు ఎందుకు పాడయ్యాయో తెలుసుకోవాలి. పలుచని ఇత్తడి పళ్ళెం, దానిమీద అంతకంటే చిన్నదైన పింగాణి పొర, ఆ పొర పైముఖాన అతి పలుచని వెండిపూత - పీజో బిళ్ళ అంటే ఇంతే. పింగాణి పొర ఒత్తిడికి లోనై వంగినప్పుడల్లా దాని రెండు ముఖాల మధ్య విద్యుత్ పీడనం పుడుతుంది. వీణ కుండకు దీన్ని ఆనించి ఉంచితే కొయ్య కంపనాలు విద్యుత్ సంకేతాలవుతాయి. ఒక తీగను ఇత్తడికి, మరొక తీగను వెండిపూతకు కలపాలి. ఇత్తడితో చిక్కులేదు. చిక్కంతా వెండి వైపే. సీసం, తగరం కలిసిన మామూలు టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. దాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల వరకు వేడెక్కి ఉంటుంది. కరిగిన తగరం వెండిని తనలో కలుపుకొంటుంది. కొన్ని క్షణాలు ఆలస్యమైతే ఆ పలుచని పూత టంకంలో కరిగిపోయి కింది పింగాణి బయటపడుతుంది. అంతేకాదు, తయారీలో బలమైన విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగించి పింగాణిలోని సూక్ష్మభాగాలను ఒకే దిశకు మళ్ళిస్తారు. ఎర్రగా కాల్చిన అయస్కాంతం తన శక్తిని కోల్పోయినట్లు, అతిగా వేడి తగిలిన పింగాణి కూడా ఆ గుణాన్ని కోల్పోతుంది. చేయి తిరిగినవారు ఒక్క క్షణంలో చుక్క వేసి మొన తీసేస్తారు, బిళ్ళకు ఏమీ కాదు. మన విద్యార్థిది కొత్త చేయి. పింగాణి బిళ్ళకు బదులు కొందరు వాడే ప్లాస్టిక్ పీజో పొరలైతే 80 డిగ్రీల ప్రాంతంలోనే చెడిపోవడం మొదలవుతుంది. వాటికి ఎంతటి నేర్పరి అయినా టంకం వేయలేడు.

ఇలాంటి చోట అవసరమయ్యేదే విద్యుద్వాహక జిగురు. ఆ మాటలోనే ఒక వైరుధ్యం ఉంది. బంక, లక్క, మైనం, రెజిన్ - మనకు తెలిసిన జిగురులన్నీ విద్యుత్తును అడ్డగించేవే. విద్యుత్తును ప్రసరింపజేసే లోహాలకేమో అంటుకొనే గుణం లేదు. క్రీ.శ. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పచ్చి తుమికి కాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు, వస మొదలైనవి నీళ్ళలో వేసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచి చేసే లేపం అందులో ఒకటి. మయుడు చెప్పినదిగా పేర్కొన్న మరొకటి ఎనిమిది పాళ్ళు సీసం, రెండు పాళ్ళు కంచు, ఒక పాలు ఇత్తడి కలిపి కరిగించేది. మొదటిది జిగురు, రెండవది లోహం. వాటిని అక్కడ వేర్వేరుగానే చెప్పారు. ఈనాటి విద్యుద్వాహక జిగురు ఈ రెండు జాతుల కలయిక. ఎపాక్సీ వంటి రెజిన్ పట్టు ఇస్తుంది, అందులో కలిపిన లోహచూర్ణం దారి ఇస్తుంది.

ఎంత చూర్ణం కలపాలి? ఇల్లు అంటుకొన్నప్పుడు చెరువునుంచి ఇంటిదాకా జనం వరుసగా నిలబడి చేతులు మార్చుకొంటూ కడవలు అందిస్తారు. వరుసలో ఒక్క మనిషి తక్కువైనా నీరు ఇంటికి చేరదు. జిగురులోని వెండి రేణువులదీ అదే స్థితి. రేణువులు కొద్దిగా ఉన్నంతవరకు ఒక్కొక్కటి రెజిన్‌లో ఏకాకిగా ఉంటుంది, ఆ ముద్ద విద్యుద్బంధకంగానే ఉంటుంది. వాటి పరిమాణం మొత్తంలో ఇంచుమించు నాలుగో వంతుకు చేరినప్పుడు ఒకదానికొకటి తాకి, ఈ కొసనుంచి ఆ కొసకు గొలుసులు ఏర్పడతాయి. అప్పుడు నిరోధం ఒక్కసారిగా లక్షల రెట్లు పడిపోతుంది. వెండి బరువైన లోహం కాబట్టి తూకంలో చూస్తే వంద గ్రాముల జిగురులో డెబ్బై, ఎనభై గ్రాములు వెండే. ధర అంత ఎక్కువ ఎందుకో దీనితో తేలిపోతుంది.

వెండికి బదులు రాగి కలపరాదా అన్న సందేహం సహజం. రాగి రేణువులకు గాలి తగిలితే పైన ఆక్సైడు పొర ఏర్పడుతుంది, అది విద్యుత్తును అడ్డుకొంటుంది. వెండి మీద ఏర్పడే పొర అంతగా అడ్డుకోదు. నికెల్ మధ్యరకం. పెట్టెల లోపల పూసే రంగులలో అది చాలాచోట్ల కనిపిస్తుంది. అన్నిటికంటే చవుకైనది కర్బనం, అంటే గ్రాఫైటు. పెన్సిలు ముల్లును నూరి ఫెవికాల్‌లో కలిపి చూసిన విద్యార్థులు మీలోనూ ఉండవచ్చు. పెన్సిలు ముల్లులో గ్రాఫైటుతోపాటు బంకమట్టి కూడా ఉంటుందని వారు మరచిపోతారు. బంకమట్టి విద్యుత్తును పోనివ్వదు. గొలుసు తెగిన వరుసే అది.

ఇక అంకెలు చూద్దాం. శుద్ధమైన వెండి విశిష్ట నిరోధం 1.6 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు. సీసం, తగరం కలిసిన టంకానిది సుమారు 15. మంచి వెండి జిగురుది 100 నుంచి 1000 వరకు ఉంటుంది. కర్బనపు జిగురు అంతకంటే వెయ్యి రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈ అంకెలు చూడగానే వెండే ఉత్తమం, డబ్బులున్నవాడు వెండి కొనుక్కోవాలి అనిపిస్తుంది. నా దగ్గరకు వచ్చిన కుర్రవాడి బాధ కూడా అదే. కాని జిగురు నిరోధం ఎంత అన్నది సగం ప్రశ్నే. ఆ నిరోధం దేని పక్కన నిలబడుతుంది అన్నది మిగతా సగం.

8 ఓముల స్పీకరును తీసుకోండి. 50 వాట్ల శక్తి ఇచ్చినప్పుడు దానిగుండా 2.5 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. దాని తీగను ఒక మిల్లీమీటరు మందం, 4 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం గల జిగురు చుక్కతో అతికించామనుకొందాం. 1000 మైక్రో ఓమ్ సెంటీమీటర్ల వెండి జిగురైతే ఆ చుక్క నిరోధం 0.0025 ఓము. దానివల్ల నష్టం లేదు. అదే స్థానంలో వెయ్యి రెట్లు నిరోధం గల కర్బనపు జిగురు ఉంటే 2.5 ఓములు. అది 8 ఓములతో శ్రేణిలో చేరుతుంది కాబట్టి, ఆంప్లిఫయరు ఇచ్చే శక్తిలో దాదాపు నాలుగో వంతు ఆ చిన్న చుక్కలోనే వేడిగా మారి, దాన్ని మాడ్చివేస్తుంది.

ఇప్పుడు పీజో బిళ్ళను చూడండి. అది ఒక చిన్న కెపాసిటరు వంటిది. 20 నానోఫారడ్ల క్షమత ఉన్న బిళ్ళ 100 హెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద చూపే అవరోధం ఇంచుమించు 80,000 ఓములు. దాని పక్కన 2.5 ఓములు ఏపాటి? యాభై అయినా, వంద అయినా చెవికి తేడా తెలియదు. స్పీకరు దగ్గర దోషమైనది ఇక్కడ గణనకే రాదు.

అంతకంటే విచిత్రమైన సందర్భం స్థిరవిద్యుత్ స్పీకరు. ఇంగ్లండులో పీటర్ వాకర్ రూపొందించిన క్వాడ్ స్పీకరు 1957లో ఈ పద్ధతిలోనే మార్కెట్టులోకి వచ్చింది. ఇళ్ళలో స్వయంగా స్పీకర్లు నిర్మించుకొనేవారు నేటికీ ఈ పద్ధతిని ఇష్టపడతారు. దీనిలో తీగచుట్ట, అయస్కాంతం ఉండవు. రెండు జల్లెడ పలకల మధ్య అతి పలుచని ప్లాస్టిక్ పొరను బిగించి, దానిపై వేల వోల్టుల ఆవేశాన్ని నిలుపుతారు. పొర ముందుకు వెనుకకు కదిలినప్పుడు ఆ ఆవేశం ఒకచోటినుంచి మరొకచోటికి పరుగెత్తకూడదు. అలా పరుగెత్తితే ధ్వని వికృతమవుతుంది. అందువల్ల పొరమీది పూత విద్యుత్తును మోయాలి కాని అతి మందకొడిగా మోయాలి. ఆ నిరోధం లక్షలు దాటి కోట్ల ఓములలో ఉండాలి. కొత్తగా చేసేవారు మంచిది కదా అని వెండి రంగు పూస్తే స్పీకరు చెడుతుంది. అంకెల పట్టికలో అట్టడుగున ఉన్న పదార్థమే ఇక్కడ యోగ్యం.

కర్బనం గురించి మరొక మాట చెప్పాలి. 1870ల చివరలో ఎడిసన్, హ్యూస్ మొదలైనవారు కనిపెట్టిన కర్బన మైక్రోఫోను చాలాకాలం టెలిఫోన్లన్నిటిలోనూ ఉండేది. వదులుగా పోసిన బొగ్గు రవ్వల మీద మాట ఒత్తిడి పడినప్పుడల్లా రవ్వల మధ్య స్పర్శ మారి, నిరోధం మారుతుంది. ఆ మార్పే సంకేతం. సరిగా పట్టని కర్బనపు అతుకు కూడా ఇదే పని చేస్తుంది. విద్యుత్తు ప్రవహిస్తున్న మార్గంలో అలాంటి అతుకు ఉంటే మీరు కోరని మైక్రోఫోను ఒకటి మీ యంత్రంలో చేరినట్లే. పెట్టెను వేలితో తడితే స్పీకరులో చిటపట వినిపిస్తే మొదట అనుమానించవలసింది ఇటువంటి అతుకునే.

దుకాణంలో చూపిన మూడవ రకం రాగి రేకు టేపు. హమ్ అని మనం అనే 50 హెర్ట్జ్ రొదను ఆపడానికి కొయ్యపెట్టె లోపలివైపు దీన్ని అతికిస్తారు. ఇందులో ఒక మోసం ఉంది. పైకి రాగి మెరుస్తూ ఉంటుంది కాని వెనుక ఉన్న జిగురు కొన్నిటిలో విద్యుద్వాహకం, కొన్నిటిలో కాదు. వాహకం కానిదాన్ని ఒకదానిమీద ఒకటి అతికిస్తే ప్రతి పట్టీ విడి ద్వీపంగా మిగిలిపోతుంది, కవచం ఏర్పడదు. వాహకమైనదానిలో రేణువులు జిగురు మందానికి అడ్డంగా ఉండి పైనుంచి కిందికి మాత్రమే విద్యుత్తును పంపుతాయి, మనకు కావలసింది అంతే. కొనేముందు రెండు ముక్కలు అతికించి మల్టీమీటరుతో చూడటం మంచిది. వాహకం కాని టేపు వచ్చిందా, అతుకుల దగ్గర చుక్క చుక్క టంకం వేస్తే సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే అయస్కాంతపు రొదను మాత్రం ఇంత పలుచని రాగి ఆపలేదు, దానికి ట్రాన్స్‌ఫార్మరును దూరంగా జరపడమే మేలు.

కోస్తా ప్రాంతంవారు తేమను లెక్కలోకి తీసుకోవాలి. విడిభాగాల కాళ్ళకు సాధారణంగా తగరపు పూత ఉంటుంది. తగరం, వెండి రెండు వేర్వేరు లోహాలు. వాటి మధ్య తేమ చేరితే చిన్న బ్యాటరీ వంటి చర్య మొదలై, తగరపు ముఖం మీద ఆక్సైడు పేరుకొంటుంది. ఆరు నెలల క్రితం బాగున్న అతుకు నిరోధం క్రమంగా పెరుగుతుంది. 1990ల చివరలో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు ఈ కారణాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. పరిశ్రమలో పరీక్ష కఠినంగానే ఉంటుంది. అతుకును 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 500 గంటలు ఉంచినా నిరోధం 20 శాతానికి మించి మారకూడదని ఒక ప్రమాణం. మనం చేయగలిగింది వెండి, బంగారు పూత ఉన్న కాళ్ళను ఎంచుకోవడం, ఆరిన తరువాత అతుకును మామూలు ఎపాక్సీతో కప్పడం. తేమలో వెండికి మరొక దుర్గుణమూ ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు మొనల మధ్య ఏకముఖ విద్యుత్ పీడనం నిలిచి ఉంటే వెండి ఒక మొననుంచి రెండవదానివైపు వేరులా పాకి, చివరకు రెండింటినీ కలిపేస్తుంది. గొట్టాల ఆంప్లిఫయర్లలో వందల వోల్టులు ఉండే చోట దీన్ని వాడకూడదు.

వాడే పద్ధతిలో చాలామంది తొందరపడతారు. రెండు గొట్టాలనుంచి సూచించిన పాళ్ళలో తీసి, రంగు ఏకమయ్యేదాకా కలపాలి. పూసిన వెంటనే మీటరు పెడితే చాలాసార్లు విద్యుత్తు పారదు. జిగురు నకిలీదేమో అనిపిస్తుంది. నిజానికి రెజిన్ గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకొన్నప్పుడే వెండి పలుకులు ఒకదానికొకటి దగ్గరై గొలుసు కలుస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఒక రోజు పట్టేది, కొద్దిపాటి వేడి తగిలితే త్వరగా పూర్తవుతుంది, నిరోధం కూడా తగ్గుతుంది. ఎంత వేడి, ఎంతసేపు అన్నది డబ్బామీద రాసినదాన్నే పాటించాలి, మన భాగం దాన్ని తట్టుకొంటుందో లేదో చూసుకోవాలి. కొలిచేటప్పుడు మల్టీమీటరు తీగలకే 0.2 నుంచి 0.5 ఓము వరకు నిరోధం ఉంటుందని గుర్తుంచుకోవాలి. ముందు రెండు మొనలనూ తాకించి ఆ అంకెను తీసివేయాలి. మిల్లీ ఓములు కొలవాలంటే అతుకుగుండా ఒక ఆంపియరు పంపి, దాని రెండు వైపులా ఎన్ని మిల్లీవోల్టులు ఉన్నాయో చూస్తే అదే జవాబు.

పేర్లు దగ్గరగా ఉండటం వల్ల వచ్చే పొరపాటు ఒకటి ఉంది. ట్రాన్సిస్టర్లను లోహపు పలకకు అతికించడానికి వాడే ఉష్ణవాహక జిగురు వేరు. అది వేడిని మోస్తుంది కాని సాధారణంగా విద్యుత్తును మోయదు. దాని స్థానంలో వెండి జిగురు పెడితే ట్రాన్సిస్టరు కాలిపోవచ్చు.

యంత్రపు లోహపు పెట్టెకు కలిపే భద్రతా ఎర్త్ తీగను ఏ రకమైన జిగురుతోనూ అతికించరాదు. ఈ మాటను నేను ఆ విద్యార్థికి రెండుసార్లు చెప్పాను, మీకూ చెబుతున్నాను. 230 వోల్టుల తీగ తెగి పెట్టెకు తాకిన క్షణంలో ఎర్త్ తీగగుండా వందల ఆంపియర్లు ప్రవహించి ఫ్యూజు పోవాలి. అప్పుడే పెట్టెను ముట్టుకొన్నవారు బతుకుతారు. జిగురు ఆ ఒక్క క్షణాన్ని తట్టుకోలేక మాడి విడిపోతే, పెట్టె 230 వోల్టుల వద్దే నిలిచిపోతుంది. అక్కడ ఉండవలసింది నట్టు, బోల్టు, వాషరు.

ఇంతవరకు విని ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "బిళ్ళను వీణకు కూడా దీనితోనే అతికించవచ్చా సార్?"

వీణమెట్లను మైనంలో బొగ్గుపొడి కలిపి మేళం కట్టి నిలుపుతారు. అది కర్బనం కలిసిన జిగురే కాని దానితో విద్యుత్తుకు సంబంధం లేదు. మేళం తప్పినప్పుడు ఆ మైనాన్ని వేడి చేసి, మెట్టును కదిపి, మళ్ళీ కట్టవచ్చు. ఎపాక్సీ అలా కాదు. ఒకసారి గట్టిపడిందంటే వేడికి కరగదు, బలవంతంగా తీస్తే పనస చెక్క కూడా లేచి వస్తుంది. తీగకు బిళ్ళకు మధ్య అతుకు వేరు, బిళ్ళకు వీణకు మధ్య అతుకు వేరు. మొదటిది విద్యుత్తు కోసం, అది శాశ్వతమైనా ఫరవాలేదు. రెండవది కంపనం కోసం, అది పలుచగా ఉంటే చాలు, కాని తీయగలిగేదిగా ఉండాలి. కొద్దిగా మైనం పెట్టి ఆనించమన్నాను.

లెక్క ప్రకారం బిళ్ళకు వెండి అక్కరలేదు. ఇత్తడి వైపు టంకం వేసి, వెండిపూత వైపు కర్బనపు జిగురు చుక్కతో తీగను నిలిపి, అది ఆరాక పైన మామూలు ఎపాక్సీ పోశాడు. కర్బనం దారి ఇస్తే చాలు, పట్టు ఎపాక్సీ చూసుకొంటుంది. మరునాడు దిగాలుగా వచ్చాడు. మీటరు 40 ఓములు చూపుతోందట. 80,000 పక్కన 40 ఎంత అని అడిగితే తానే లెక్కకట్టి, రెండు వేలలో ఒక వంతు అని చెప్పాడు.

అయినా మొదటిసారి మిక్సరుకు కలిపినప్పుడు నాదం పేలవంగా వచ్చింది. తంత్రుల మంద్రస్థాయి స్వరాలు వినిపించడమే లేదు. జిగురుదే తప్పని వెండి జిగురు కొనడానికి బయలుదేరబోయాడు. నేను మిక్సరు వెనుక రాసి ఉన్న అంకె చదవమన్నాను. దాని ప్రవేశ నిరోధం 10,000 ఓములు. 20 నానోఫారడ్ల బిళ్ళ దానితో కలిస్తే 800 హెర్ట్జ్‌కు దిగువనున్న స్వరాలన్నీ క్షీణించిపోతాయి. మధ్యలో పది లక్షల ఓముల ప్రవేశ నిరోధం గల చిన్న ప్రీ-ఆంప్లిఫయరు పెట్టగానే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగింది. 40 ఓముల అతుకు అలాగే ఉంది. సంక్రాంతినాడు చివరి వరుసలో కూర్చున్న నాకు అనుమంద్రపు తంత్రి స్పష్టంగా వినిపించింది.